వానాకాలంలో శ్రీలంక: ఏ నెలకు ఏ తీరం, ఏ దారికి ఏ బండి

జులైలో శ్రీలంక వెళ్తున్నామంటే, "ఇప్పుడా? అక్కడ వానలు కదా!" అని ఆపేవాళ్లుంటారు. జనవరిలో వెళ్తున్నామన్నా అదే మాట అనేవాళ్లూ ఉంటారు. ఇద్దరి మాటా నిజమే. మొదటివారు కొలంబో వాన గురించి చెబుతున్నారు, రెండోవారు ట్రింకోమలీ వాన గురించి. ఈ రెండు ఊళ్ల మధ్య రోడ్డు ప్రయాణం ఒక పూట పని. అయినా ఒకచోట గొడుగు లేనిదే గడప దాటలేని నెలలో రెండోచోట చెరువులు అడుగంటి నెర్రెలు బారుతుంటాయి.

అందుకే "వానాకాలంలో వెళ్లవచ్చా?" అన్న ప్రశ్నకు సూటి జవాబు లేదు. "ఫలానా నెలలో ఏ వైపు వెళ్లాలి, అక్కడ దేనిలో తిరగాలి?" అని అడిగితే ఉంది. ఏజెంటు ప్యాకేజీ తీసుకోకుండా, టికెట్లూ గదులూ తామే చూసుకుని తిరగదలచినవారి కోసం ఇది రాస్తున్నాను. ప్యాకేజీలో వెళ్లేవారికి ఈ లెక్కల తలనొప్పి ఉండదు. వాన ముసురు పట్టినప్పుడు దారి మార్చుకునే వీలు కూడా ఉండదు.

దీవి ఒకటే, వానాకాలాలు రెండు

శ్రీలంక విస్తీర్ణం 65,610 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో సగానికి కాస్త ఎక్కువ. ఇంత చిన్న దేశంలో వాతావరణం రెండుగా చీలడానికి కారణం మధ్యలో ఉన్న కొండలు. అన్నిటికంటే ఎత్తయిన పిదురుతలాగల 2,524 మీటర్లు ఉంటుంది.

కేరళను తాకడానికి కొద్ది రోజుల ముందే నైరుతి రుతుపవనాలు లంకకు చేరతాయి. మే నెలలో మొదలై సెప్టెంబరు దాకా ఆ గాలి పడమర, దక్షిణ తీరాల మీదుగా వచ్చి కొండలను ఢీకొంటుంది. కొలంబో, గాలే, రత్నపుర, కొండల పడమటి వాలు తడిసి ముద్దవుతాయి. ఆ వాలులో కొన్నిచోట్ల ఏడాది వర్షపాతం 5,000 మిల్లీమీటర్లు దాటుతుంది. హైదరాబాద్‌లో ఏడాదంతా కురిసేదానికి ఇది ఐదు రెట్లకు పైమాటే. కొండ దాటేసరికి గాలిలో తేమ అయిపోతుంది. అవతలి వైపు దిగేది పొడి వేడిగాలి. తూర్పు తీరంలో దాన్ని కచ్చాన్ గాలి అంటారు.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా కథ తిరగబడుతుంది. ఈశాన్య రుతుపవనాలు బంగాళాఖాతం మీదుగా వచ్చి ఉత్తర, తూర్పు తీరాలను తడుపుతాయి. నెల్లూరు, తిరుపతి జిల్లాలవారికి ఈ వాన కొత్తేమీ కాదు. అదే గాలి, కాస్త దిగువన కురుస్తుంది. అప్పుడు దక్షిణ తీరంలో ఎండ కాస్తుంది, సముద్రం నెమ్మదిస్తుంది.

ఈ రెండు కాలాల మధ్య రెండు సంధికాలాలున్నాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో మధ్యాహ్నం దాటాక ఉరుముల వాన, పొద్దున ఎండ. దాన్ని తట్టుకోవచ్చు. అక్టోబరు, నవంబరు నెలల సంధికాలం మాత్రం పేరుకే సంధి. దేశమంతటా కురుస్తుంది, పైగా బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టే కాలం. ఈ రెండు నెలలనూ విడిగా చూడాలి, కాబట్టి కింద విడిగానే రాశాను.

వాతావరణ పటాల కంటే నాకు ఎక్కువ నమ్మకం కలిగించేది అక్కడి తేయాకు లెక్క. ఊవా ప్రాంతపు తేయాకుకు మంచి వాసన వచ్చేది జులై నుంచి సెప్టెంబరు దాకా, పొడిగాలి వీచే రోజుల్లో. కొండకు అవతల, పడమటి వైపున్న దింబుల తేయాకుకు మంచి కాలం జనవరి నుంచి మార్చి. అంటే టీ రుచి చూసి ధర కట్టేవాళ్లు ఏ వాలు ఎప్పుడు పొడిగా ఉంటుందో తరాలుగా లెక్కగట్టి పెట్టారు. బదుల్లా, బండారవేల, ఎల్లా ఊళ్లు ఊవా వైపున్నాయి. నువారా ఎలియా, హటన్ రెండో వైపు. ప్రయాణికుడికి కావలసిన సంగతి ఇదే: "కొండ ప్రాంతం" అని ఒక్క ముద్దగా అనుకోకూడదు. జులైలో నువారా ఎలియాలో స్వెటరు వేసుకుని చినుకుల్లో వణుకుతుంటే, అదే రోజు ఎల్లాలో ఎండ కాయవచ్చు. కొండ రైలు పట్టిపోల స్టేషన్ దాటి, ఓహియకు ముందు ఒక సొరంగంలోకి వెళ్తుంది. ఇవతల మబ్బు, అవతల నీలాకాశం కనిపించిందని చెప్పేవాళ్ల మాట అతిశయోక్తి కాదు. ఆ సొరంగం సరిగ్గా ఈ రెండు వాలులనూ విడదీసే గట్టు మీదే ఉంది.

జూన్ నుంచి సెప్టెంబరు వరకు: తూర్పుకు

ఈ నాలుగు నెలల్లో మొదటిసారి వెళ్లేవారికి నా సలహా ఒకటే. కొలంబోలో దిగితే ఒక రాత్రికి మించి ఆగకుండా ఉత్తరానికో తూర్పుకో సాగిపోండి. అనురాధపుర, దంబుల్లా, సిగిరియా, పొలొన్నరువ ఉన్న మధ్య మైదానం ఈ కాలంలో పొడిగా ఉంటుంది. అక్కడ ఇబ్బంది పెట్టేది వాన కాదు, ఎండ. సిగిరియా బండకు సుమారు 1,200 మెట్లున్నాయి. తలుపులు తెరిచే వేళకే గేటు దగ్గర ఉండాలి. టికెట్ కౌంటర్లో పాస్‌పోర్టు చూపించి సార్క్ దేశాల ధర అడగడం మరవద్దు. విదేశీయుల మామూలు ధరకూ దానికీ తేడా చిన్నది కాదు.

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మిన్నేరియా చెరువు అంచున ఏనుగులు మందలు మందలుగా చేరతాయి. నీళ్లు తగ్గి ఒడ్డున లేత గడ్డి మొలవడమే అందుకు కారణం. ఎండాకాలం లేకపోతే ఆ దృశ్యమే లేదు. కొలంబోలో వాన పడుతోందని ప్రయాణం మానుకున్నవాళ్లు పోగొట్టుకునేది దీన్నే.

తూర్పు తీరంలో మూడు చోట్ల మధ్య ఎంచుకోవాలి. మూడూ ఒకలాంటివి కావు. ట్రింకోమలీలో గుడి ఉంది, ఊరు ఉంది, పక్కనే ఉప్పువేలి, నిలావేలి బీచులున్నాయి. స్వామి రాక్ అనే కొండ మీద కోనేశ్వరం శివాలయం, అదే ప్రాంగణంలో అష్టాదశ శక్తిపీఠాలలో మొదటిదిగా మనవాళ్లు చెప్పుకునే శాంకరీదేవి సన్నిధి ఉన్నాయి. పెద్దవాళ్లను తీసుకెళ్తుంటే మరో ఆలోచన లేకుండా ఇదే. పాసికుడాలో చూడదగ్గ ఊరేమీ లేదు. కానీ సముద్రం చాలా దూరం దాకా మోకాలి లోతే. చిన్నపిల్లలున్నవారికి అంతకంటే నిశ్చింతైన చోటు దేశంలో దొరకదు. అరుగం బే అలల మీద పలక వేసుకుని తిరిగే యువతది. సర్ఫింగ్ మీద ఆసక్తి లేకపోతే అంత దూరం వెళ్లడం దండగ.

ఒక భ్రమ తొలగించాలి. "వానాకాలం కాబట్టి గదులు చవక" అన్నది పడమటి, దక్షిణ తీరాలకు మాత్రమే వర్తిస్తుంది. జులై, ఆగస్టు నెలల్లో యూరప్ సెలవులు కూడా కలిసి వచ్చి తూర్పు తీరంలో గదులకు గిరాకీ ఉంటుంది. హిక్కడువ, మిరిస్సలలో మంచి హోటళ్లు సగం ఖాళీగా ఉండి ధర తగ్గిస్తాయి. అక్కడ సముద్రం మాత్రం దిగనివ్వదు. బీచులో ఎర్ర జెండా కనిపిస్తే దాని అర్థం అదే. మన పిల్లలకు అలల దగ్గర భయం తక్కువ, ఈత రావడమూ తక్కువే. ఈ విషయంలో నేను మొండిగా చెబుతాను: జూన్, జులై నెలల్లో దక్షిణ తీరానికి సముద్ర స్నానం కోసం వెళ్లకూడదు.

గాలే కోట వేరు. వానలో కూడా వెళ్లదగ్గ ఊరు అదొక్కటే అంటాను. 1588లో పోర్చుగీసువారు మొదలుపెట్టిన కోటను తర్వాత డచ్చివారు పెంచారు. సముద్రపు ఆటుపోట్లే లోపలి మురుగును కడిగేసేలా వాళ్లు కాలువలు కట్టారు. వరండాల కింద నడుచుకుంటూ, జల్లు పెద్దదైతే ఏదో ఒక కాఫీ దుకాణంలోకి దూరుతూ ఒక రోజంతా గడపవచ్చు. వాస్తుశిల్పి జెఫ్రీ బావా బెంతోట దగ్గర పెంచుకున్న లునుగంగ తోట కూడా అంతే, తడిసినప్పుడే ఇంకా బాగుంటుంది.

క్యాండీ ఈ లెక్కలకు మధ్యస్థంగా ఉంటుంది. రెండు రుతుపవనాల వానా పడుతుంది, ఏదీ విపరీతంగా పడదు. జులై, ఆగస్టు నెలల్లో వచ్చే ఎసల పెరహెర ఊరేగింపు చూడాలంటే గది చాలా ముందుగా పట్టుకోవాలి. ధరలు కూడా అప్పుడు చెట్టెక్కుతాయి. బుద్ధుడి దంతధాతువు ముందు నడిచేలా ఈ ఊరేగింపును ఇప్పటి రూపానికి తెచ్చింది కీర్తి శ్రీ రాజసింహుడు. ఆయన మదురై నుంచి వచ్చిన నాయక వంశీకుడు, మూలాలు తెలుగువి. 1739 నుంచి 1815 దాకా క్యాండీని ఏలిన చివరి నలుగురు రాజులూ ఆ వంశంవారే. ఇది అక్కడి గైడ్లు చాలామంది చెప్పరు, మనమే అడగాలి. అదే కాలంలో యాళ్పాణంలో, అంటే జాఫ్నాలో, నల్లూరు మురుగన్ గుడి ఉత్సవం 25 రోజులు జరుగుతుంది. జనం కిక్కిరిసినా గది దొరకడం క్యాండీ అంత కష్టం కాదు.

డిసెంబరు నుంచి మార్చి వరకు: దక్షిణానికి

సంక్రాంతి సెలవులకు వెళ్లేవారు, అమెరికా నుంచి క్రిస్మస్ సెలవులకు వచ్చి నాలుగు రోజులు పక్కకు వెళ్లొద్దామనుకునేవారు ఈ కోవలోకి వస్తారు. వీరికి పైన చెప్పినదంతా తలకిందులు. గాలే, మిరిస్స, తంగల్ల వైపు వెళ్లండి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా మిరిస్స నుంచి తిమింగలాలను చూపించే పడవలు నడుస్తాయి. ఉడవలవే అడవిలో ఏనుగులు ఏ కాలంలోనైనా కనిపిస్తాయి. శ్రీపాద కొండ యాత్ర డిసెంబరు పున్నమికి మొదలై మే నెల వెసాక్ పున్నమి దాకా సాగుతుంది. ఆ రోజుల్లో మెట్ల దారి పొడుగునా దీపాలు, టీ దుకాణాలు ఉంటాయి. మిగతా నెలల్లో చీకట్లో, వానలో, జలగల మధ్య ఎక్కాలి. ఆ సాహసం నేను ఎవరికీ చెప్పను.

డిసెంబరు ఒక్కటే ఇక్కడ అనుమానపు నెల. ఈశాన్య వాన ఎల్లా, బదుల్లా వైపు అప్పుడు గట్టిగానే పడుతుంది. జనవరి రెండో సగం దాటితే కొండలకు రెండు వైపులా తేరుకుంటుంది. కొండల మీది మైదానమైన హార్టన్ ప్లెయిన్స్‌లో లోయ అంచు చూడాలన్నా జనవరి నుంచి మార్చి మధ్యే మంచిది. అప్పుడు కూడా తొమ్మిది, పదింటికల్లా మబ్బు కమ్ముకుంటుంది, తెల్లవారకముందే బయలుదేరాలి. ట్రింకోమలీ దర్శనం తప్పనిసరి అనుకుంటే ఫిబ్రవరి తర్వాత పెట్టుకోండి.

వేసవి సెలవుల వారికి ఒక ముక్క. ఏప్రిల్ 13, 14 తేదీల్లో సింహళ, తమిళ ఉగాది. దుకాణాలు మూతపడతాయి, డ్రైవర్లు, వంటవాళ్లు సొంతూళ్లకు వెళ్తారు, బస్సులు పలచబడతాయి. ఆ వారం తప్పించి, మే రెండో వారంలోపు ముగించుకుంటే దేశంలో ఏ మూలైనా ఫరవాలేదు. మే చివర బడి పిల్లలతో వెళ్లేవారు తూర్పు చూసుకోవాలి. 2017 మే చివర నైరుతి ప్రాంతంలో వచ్చిన వరదలు, విరిగిపడిన కొండచరియలు 200 మందికి పైగా ప్రాణాలు తీశాయి. రుతుపవనాల తొలి దెబ్బ అలా ఉంటుంది.

దసరా సెలవులే చిక్కు

అక్టోబరులో వెళ్లాలా? తేదీ మార్చుకునే వీలుంటే మార్చుకోండి. వీలు లేకపోతే కొండలు మానేసి కొలంబో, గాలే, దంబుల్లా వంటి పల్లపు ఊళ్లకు పరిమితం కండి. ఈ నెలలో పొద్దున ఎండగా ఉండి మధ్యాహ్నం రెండు దాటాక మబ్బులు కట్టడం ఎక్కువ. కాబట్టి తెల్లవారుజామున లేచి, చూడవలసినవి భోజనం లోపు ముగించే ఓపిక ఉంటే రోజు వృథా కాదు. మధ్యాహ్నాలు ప్రయాణానికి వాడండి. దక్షిణాన యాల అడవి ముఖ్యభాగాన్ని ఎండ కారణంగా చాలా ఏళ్లు సెప్టెంబరు మొదలు నుంచి అక్టోబరు సగం దాకా మూసేస్తారు. ముందే కనుక్కోవాలి.

నవంబరు విషయంలో మాత్రం నేను వద్దనే అంటాను. 2014 అక్టోబరు చివర బదుల్లా జిల్లా మీరియబెద్దలో తేయాకు కార్మికుల ఇళ్ల వరుసలను కొండ కప్పేసింది. 2025 నవంబరు చివర దిత్వా తుఫాను దేశం మొత్తాన్ని కుదిపేసింది, 600 మందికి పైగా చనిపోయారు, కొండ ప్రాంతాల్లో రోడ్లు, రైలు పట్టాలు తెగిపోయాయి. గది చవకగా దొరికిందని ఆ రోజుల్లో కొండెక్కడం లెక్క తెలిసిన పని కాదు.

రైలా, బస్సా, కారా, త్రీవీలరా

నెల, తీరం తేలాక మిగిలిన పెద్ద నిర్ణయం ఇదే. ఎండాకాలంలో ఏ బండైనా ఒకటే, డబ్బు, సుఖం మాత్రమే తేడా. వానలో ఇంకో కొలత చేరుతుంది: దారి మూసుకుపోతే మీరు ఎంత త్వరగా వేరే దారి పట్టగలరు?

రైలు ఆ కొలతలో అన్నిటికంటే వెనుక ఉంటుంది. పట్టాల మీద మట్టి పడితే తీసేదాకా ఆగాల్సిందే. అయినా మైదానంలో రైలుకే నా ఓటు. కొలంబో ఫోర్ట్ నుంచి ట్రింకోమలీకి రాత్రి రైలుంది, యాళ్పాణానికి పగటి రైళ్లున్నాయి. వానలో బస్సు కిటికీ పక్కన తడుస్తూ కూర్చోవడం కంటే ఇది మేలు. క్యాండీ నుంచి ఎల్లా దాకా వెళ్లే కొండ రైలు కోసమే చాలామంది లంక వెళ్తారు. మామూలుగా ఆరేడు గంటల ప్రయాణం. దిత్వా తర్వాత ఆ మార్గం చాలాచోట్ల దెబ్బతింది కాబట్టి, ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్ దాకా నడుస్తోందో ప్రయాణానికి కొద్ది రోజుల ముందు కనుక్కుని అప్పుడే పథకం వేసుకోండి. ఆ టికెట్ చుట్టూ మిగతా రోజులన్నీ కట్టిపడేసుకోవద్దు.

రిజర్వేషన్లు నెల ముందు తెరుస్తారు, క్షణాల్లో అయిపోతాయి. దొరకకపోతే బెంగపడనక్కర్లేదు. రిజర్వు కాని రెండో, మూడో తరగతి టికెట్ ఆ రోజే కౌంటర్లో ఇస్తారు. మొదటి తరగతి ఏసీ పెట్టెలో కిటికీలు తెరుచుకోవు. వానలో అద్దం మీద ఆవిరి పట్టి బయట ఏమీ కనిపించదు. చుట్టూ ఉన్న తేయాకు తోటలను చూడటానికి వచ్చి మసక అద్దాన్ని చూస్తూ కూర్చోవడం దేనికి? రెండో తరగతి మంచిది.

బస్సు అన్నిటికంటే చవక, ప్రతి ఊరికీ ఉంటుంది, దారి మూసేస్తే చుట్టూ తిరిగైనా తీసుకెళ్తుంది. ఎర్రవి ప్రభుత్వానివి. మిగతావి ప్రైవేటువి, వాటి వేగం చూస్తే గుండె జారుతుంది. పెద్ద సూట్‌కేసు పెట్టడానికి చోటుండదు. డ్రైవరు పక్కన, ఇంజను మీద పెట్టమంటారు. ముందు వరుస సీట్లు బౌద్ధ భిక్షువులకు కేటాయించి ఉంటాయి, వాళ్లు ఎక్కితే లేచి ఇవ్వాలి. ఒక్క వీపు సంచితో తిరిగే కుర్రవాళ్లకు బస్సును మించింది లేదు. దక్షిణ తీరానికి ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా వెళ్లే ఏసీ బస్సులు మాత్రం అందరికీ పనికొస్తాయి. కొలంబో శివార్లలోని మాకుంబుర నుంచి గాలే, మాతర వైపు దొరుకుతాయి.

డ్రైవరుతో కారు. కుటుంబంతో, ముఖ్యంగా పెద్దవాళ్లతో వెళ్తే వానాకాలంలో ఇదే సరైనదని నా అభిప్రాయం. కానీ యాత్ర మొత్తానికి అవసరం లేదు. మైదానంలో రైలు, కొండలోకి ఎక్కి దిగే రెండు మూడు రోజులకు కారు, ఇలా కలుపుకుంటే ఖర్చు చాలా తగ్గుతుంది. కారుకు ఇచ్చే డబ్బులో సగం విలువ డ్రైవరు ఫోనుది. ఏ రోడ్డు మీద మట్టి పడిందో, ఏ వంతెన మునిగిందో మనకంటే ముందే అతనికి తెలుస్తుంది. మాట్లాడుకునేటప్పుడు మూడు సంగతులు తేల్చుకోండి: రోజుకు ఎన్ని కిలోమీటర్ల దాకా ఈ ధర, పెట్రోలు ఎవరిది, రాత్రి అతని బస ఎక్కడ. కొన్ని హోటళ్లలో డ్రైవర్లకు విడిగా గది ఇస్తారు, కొన్నిచోట్ల ఇవ్వరు. వాన రాత్రి అతన్ని కారులో పడుకోబెట్టి మర్నాడు పొద్దున ఘాట్ రోడ్డు నడపమనడం మనకే ప్రమాదం. అతను "ఈ దారి ఈ రోజు వద్దు" అంటే వాదించకండి.

త్రీవీలరును అద్దెకు తీసుకుని తామే నడుపుకుంటూ దేశం చుట్టడం ఈమధ్య బాగా వ్యాపించింది. ఫొటోలు ముచ్చటగా ఉంటాయి. అక్కడ మన లైసెన్సు ఒక్కటే చాలదు, స్థానిక అనుమతి కూడా కావాలి. అది లేకుండా ప్రమాదం జరిగితే బీమా చేతులెత్తేస్తుంది. ఆగస్టులో తూర్పు మైదానంలో అయితే సరదాగా నడుపుకోండి. తడి ఘాట్ రోడ్డు మీద, ప్రైవేటు బస్సుల మధ్య మాత్రం వద్దు. ఊరిలో చిన్న దూరాలకు మామూలు త్రీవీలరే దిక్కు. కొలంబోలో పిక్‌మీ యాప్‌లో పిలిస్తే బేరం గొడవ ఉండదు.

దిగడం చెన్నై మీదుగానా, కొలంబోలోనా

హైదరాబాద్ నుంచి వెళ్లేవారిలో చాలామందికి కొలంబో విమానం తప్ప ఇంకోటి తట్టదు. జూన్, సెప్టెంబరు మధ్య వెళ్లేవారు చెన్నై నుంచి యాళ్పాణం పలాలి విమానాశ్రయానికి వెళ్లే చిన్న విమానాన్ని ఒకసారి చూడాలి. నేరుగా పొడి ప్రాంతంలో దిగుతారు, అనురాధపుర, ట్రింకోమలీ మీదుగా కిందికి వచ్చి కొలంబో నుంచి తిరిగి వెళ్లవచ్చు. వచ్చిన దారినే వెనక్కి వెళ్లే బాధ తప్పుతుంది. నాగపట్నం నుంచి కంకేశన్‌తురైకి పడవ కూడా 2023 అక్టోబరులో మొదలైంది. సముద్రం బాగాలేని రోజుల్లో దాన్ని ఆపేస్తారు. ఈశాన్య రుతుపవనాల కాలంలో దాన్ని నమ్ముకుని ఉద్యోగానికి సెలవు పెట్టకూడదు.

గది, తిండి, ఒళ్లు

గదుల విషయంలో మొదటి రెండు రాత్రులు, చివరి రాత్రి మాత్రమే ఖాయం చేసుకుని, మిగతావి డబ్బు తిరిగి వచ్చే పద్ధతిలో పట్టుకోవాలి. కాస్త ఎక్కువ ధర అయినా సరే. హోటలు కంటే కుటుంబాలు నడిపే చిన్న బసలే వానలో మేలు, ఇంటావిడకు ఊరి సంగతులన్నీ తెలుస్తాయి. కొండ ఊళ్లలో గది ఎంచుకునేటప్పుడు కిటికీలోంచి కనిపించే దృశ్యం గురించి అందరూ అడుగుతారు. గది వెనుక ఏముందో అడిగేవారు తక్కువ. నిటారుగా తవ్విన మట్టి గోడ ఉంటే ఇంకోచోటు చూసుకోండి. పల్లపు ఊళ్లలో ఏటి ఒడ్డు గదులకూ ఇదే మాట.

తిండికి కొదవ లేదు, అన్నం, కూరలు, అప్పాలు, ఇడియాప్పం అన్నీ మనకు దగ్గరివే. శాకాహారులకు ఒక హెచ్చరిక. కొబ్బరి పచ్చడిలా కనిపించే పోల్ సాంబోల్‌లోనూ, కొన్ని కాయగూర కూరల్లోనూ ఉంబలకడ అనే ఎండు చేప పొడి వేస్తారు. "వెజిటేరియన్" అని చెప్పినా దాన్ని చేపగా లెక్కపెట్టని వంటవాళ్లున్నారు. "ఉంబలకడ లేకుండా" అని పేరు పెట్టి చెప్పండి. తమిళులు నడిపే సైవ, అంటే శాకాహార, హోటళ్లలో ఈ భయం లేదు. పున్నమి రోజు పోయ సెలవు, మద్యం అమ్మరు.

వానాకాలంలో డెంగీ పెరుగుతుంది, పగటి పూట కుట్టే దోమలది. చేతులు కప్పే పలుచని చొక్కాలు, ఒంటికి రాసుకునే దోమల మందు తప్పనిసరి. సింహరాజ, నకిల్స్ అడవుల్లో జలగలుంటాయి. అక్కడ వాటికోసమే మోకాళ్ల దాకా వచ్చే గుడ్డ మేజోళ్లు అమ్ముతారు. ప్రమాదమేమీ లేదు, చీదర మాత్రమే. అది కూడా భరించలేనివారు వానాకాలంలో ఈ రెండు అడవులను వదిలేయవచ్చు. గుళ్లలో చెప్పులు విప్పాలి, తడి నల్లరాయి మీద పాదం నిలవదు, పెద్దవాళ్ల చెయ్యి పట్టుకుని నడిపించండి.

రోజూ పొద్దున చూసుకోవలసినవి రెండున్నాయి. వాతావరణ శాఖ ఇచ్చే సూచన ఒకటి. కొండ ప్రాంతాల్లో ఉంటే జాతీయ భవన పరిశోధన సంస్థ ఇచ్చే కొండచరియల హెచ్చరిక రెండోది. పసుపు అంటే మెలకువగా ఉండమని, నారింజ అంటే ఖాళీ చేయడానికి సిద్ధం కమ్మని, ఎరుపు అంటే ఖాళీ చేయమని. నారింజ వచ్చిన జిల్లాలోకి పర్యాటకులుగా వెళ్లడానికి ఏ కారణమూ చాలదు. విపత్తు నిర్వహణ కేంద్రం నంబరు 117, పోలీసులకు 119, ఉచిత అంబులెన్సుకు 1990.

చివరి రాత్రి కొలంబోలో కాకుండా నెగొంబోలో పెట్టుకోండి. విమానాశ్రయం ఉన్న కటునాయక అక్కడికి దగ్గర, నగరం నుంచి ముప్పై కిలోమీటర్లకు పైగా ఉంటుంది. కొండల నుంచి విమానం రోజునే దిగివద్దామని ఎప్పుడూ అనుకోవద్దు, ముందు రోజు మధ్యాహ్నానికే పల్లానికి చేరుకోండి.